హాస్టలు ఫీజుతో కొన్న ఇల్లు

మా పక్కింటి యలమందయ్యకు ఒకే వారంలో ఇరవై ఒక్కమంది కూతుళ్ళు పుట్టారు. అందరూ ఎదిగిన పిల్లలే. ఒక్కొక్కరూ ఒక ట్రంకు పెట్టె, ఒక బకెట్టు, ఒక పచ్చడి డబ్బాతో సహా పుట్టారు.

సరే, ఇరవై ఒక్కమంది అనేది కొంచెం ఎక్కువే. మా ఆవిడ సుబ్బలక్ష్మి పదకొండు అంటుంది. వచ్చి, బాత్రూము చూసి, వెనక్కి వెళ్ళిపోయినవాళ్ళను ఆమె లెక్కలోకి తీసుకోదు. నేను తీసుకుంటాను. పుట్టారు అన్న మాటను కూడా కాస్త సవరించుకోవచ్చు, ఆటోల్లో దిగారు. కానీ ఆ ఇల్లు యలమందయ్యదే. ఆ పిల్లల్లో ఒకతి నిజంగా అతని కూతురే. ఆ ఒక్క పిల్లకే ఆ ఇంట్లో మంచం దొరకలేదు.

నన్ను చదివించిన కాన్వెంటులో సిస్టర్లు, అబద్ధం ఆడినవాడి నాలుక మీద మిరియాల పొడి చల్లేవాళ్ళు. మిరపకాయ నంజుకుని సద్దన్నం తినే గుంటూరు పిల్లవాడికి మిరియం ఒక శిక్షా? అందుకే వాళ్ళ వైద్యం నా మీద పూర్తిగా పని చేయలేదు. అయినా ఈ కథలో నేను కలిపింది తక్కువ. నాకే అర్థం కానిది ఎక్కువ.

యలమందయ్యది సత్తెనపల్లి అవతల ఒక పల్లె. కొంత సొంత పొలం, అంతకంటే ఎక్కువ కౌలు. మిర్చి వేస్తే పత్తికి ధర వస్తుంది, పత్తి వేస్తే మిర్చికి వస్తుంది. మనిషి సన్నగా, పొడుగ్గా, ఎండిన పత్తి కట్టెలా ఉంటాడు. ఎవరు ఏం చెప్పినా ముందు తల ఊపుతాడు. తర్వాత ఆలోచిస్తాడు. ఆ తర్వాత భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకుంటాడు. మొహం తుడుచుకున్నాడంటే విషయం అతనికి ఎక్కలేదన్నమాట.

భార్య కోటేశ్వరి ఈ ఊపుడు మనిషి కాదు. పెళ్ళయినప్పటి నుంచి అన్నదమ్ముల ఉమ్మడి ఇంట్లో ఒక్క గదిలో కాపురం చేసింది. తోడికోడళ్ళ పొయ్యిల పక్కనే తన పొయ్యి. తనదంటూ ఒక గుమ్మం ఉండాలని, దానికి శుక్రవారం పూట తన చేత్తో పసుపు రాసుకోవాలని ఆమె కోరిక. ఆ కోరికను ఎప్పుడూ బయటపెట్టలేదు. కాకపోతే ఎవరింటికి వెళ్ళినా లోపలికి వచ్చే ముందు గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగేది. అది చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

వీళ్ళ ఒక్కగానొక్క కూతురు శ్రీరమ్యకు గుంటూరులో బీఫార్మసీ సీటు వచ్చింది. బ్యాంకువాళ్ళు చదువు లోను ఇచ్చారు. కాలేజీ ఫీజు నేరుగా కాలేజీకి పోయింది. హాస్టలుకీ, భోజనానికీ, పుస్తకాలకీ అని ఇచ్చిన సొమ్ము మాత్రం తండ్రీ కూతుళ్ళ ఉమ్మడి ఖాతాలో వచ్చి పడింది. అసలు గందరగోళమంతా అక్కడే పుట్టింది.

మా వైపు లోను అంటే ఏమిటో బయటివాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. మెడలో గొలుసు బ్యాంకులో పెట్టి, పత్తి పంట కోసమని రుణం తీసుకుంటాం. ఆ డబ్బుతో పిల్లకు ఓణీల ఫంక్షను చేస్తాం, లేదా బోరు వేయిస్తాం, లేదా నాన్నకు పళ్ళు కట్టిస్తాం. ఏడాది తిరిగేసరికి వడ్డీ కట్టి కాగితాలు మార్పించుకుంటాం. ఎప్పుడైనా బ్యాంకు నుంచి పంట చూడటానికి మనిషి వస్తే, రోడ్డు పక్కన ఎవరి చేను పచ్చగా ఉంటే దాన్ని చూపిస్తాం. ఆయన ఆ చేను చూసి, కొబ్బరి బొండం తాగి వెళ్తాడు. ఆయనకూ తెలుసు, మనకూ తెలుసు. ఇందులో మోసం ఉందని మా వైపు పెద్దవాళ్ళెవరూ అనుకోరు. చుట్టాన్ని ఎదురు వెళ్ళి తీసుకురావడం లాంటి మర్యాద ఇది.

యలమందయ్య చదువు లోనును కూడా ఆ గాటనే కట్టేశాడు.

"నాలుగేళ్ళు హాస్టలుకి కడతాం గదా. ఆఖర్న చేతికి ఏమొచ్చిద్ది?" అని భార్యను అడిగాడట.

"చదువొచ్చిద్ది," అంది కోటేశ్వరి.

"చదువు కాలేజీవాళ్ళిస్తారు. హాస్టలువాళ్ళు ఏమిస్తారంట?"

"నీళ్ళ పప్పు ఇస్తారు నాన్నా," అంది శ్రీరమ్య.

అప్పుడే మా పక్కిల్లు అమ్మకానికి వచ్చింది. అది శేషాచలం గారిది. రిటైరైన లెక్కల మాస్టారు. గుంటూరు ఎండకు తట్టుకోలేక వేటపాలెంలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతానన్నారు. కింద మూడు గదులు, వంటిల్లు, పక్కన సామాన్ల కొట్టు, మేడ మీద రెండు రేకుల గదులు. శ్రావణంలోపు బయానా ఇచ్చినవాళ్ళకే ఇల్లని ఆయన ఖండితంగా చెప్పారు. యలమందయ్య మిర్చి టిక్కీలేమో, బస్తాల్ని మా వైపు అలాగే అంటాం, కోల్డు స్టోరేజీలో ధర కోసం చలికి వణుకుతూ కూర్చున్నాయి. ఖాతాలో ఉన్నది హాస్టలు సొమ్ము. పిల్ల ఎక్కడో అద్దె మంచం మీద పడుకునే బదులు సొంతింట్లో పడుకుంటుంది, తప్పేముంది? బయానా ఇచ్చేశాడు. మిగతాది టిక్కీలు అమ్మి, గొలుసు పెట్టి, బావమరుదుల్ని బతిమాలి సర్దాడు. కోటేశ్వరి గుమ్మానికి పసుపు రాసింది. ఆ రోజు ఆమె గుమ్మం ముందు నుంచి కదలకపోతే, వంట మా ఆవిడే చేసి పంపించింది.

ఒక ఏడాది హాయిగా గడిచింది. శ్రీరమ్య మేడ మీద గదిలో చదువుకుంది, మంచి మార్కులు తెచ్చుకుంది. యలమందయ్య పొలానికీ గుంటూరుకూ బస్సులో తిరిగాడు. రెండో ఏడు మొదలయ్యే ముందు బ్యాంకు నుంచి ఫోను వచ్చింది. మాట్లాడినవాడు శశిభూషణ్ అనే కొత్త ఆఫీసరు. యలమందయ్య ఫోను స్పీకరులో పెట్టి మా అరుగు మీదికి పరిగెత్తుకొచ్చాడు.

"రెండో ఏడాది సొమ్ము విడుదల చేయాలండీ. మొదటి ఏడాది హాస్టలు రశీదులు మీరు ఇవ్వలేదు. ఒకసారి వచ్చి ఆ హాస్టలు చూసి వెళ్తాను. అది లేకపోతే ఫైలు ఆగిపోతుంది."

"తప్పకుండా రండి," అన్నాడు యలమందయ్య తల ఊపుతూ. ఫోను పెట్టేశాక తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

ఫైలు ఆగితే ఫీజు ఆగుతుంది. ఫీజు ఆగితే శ్రీరమ్యను రెండో ఏడు క్లాసులో కూర్చోనివ్వరు. ఈ సంగతి అతనికి మొహం తుడుచుకోకుండానే అర్థమైంది.

"నిజం చెప్పేద్దాం నాన్నా. ఇల్లు కొన్నాం, ఇక్కడే ఉంటున్నాను అని," అంది శ్రీరమ్య.

"చేను చూడ్డానికొచ్చినోడికి ఎవరన్నా నిజం చెప్తారంటే? నొచ్చుకోడూ?"

"ఇది చేను కాదు."

"అంతా ఒకటే. ఆయన హాస్టలు చూస్తానంటన్నాడు. మనం హాస్టలు చూపిద్దాం."

మొదట, చేను చూపించే పద్ధతిలోనే, వెనక వీధిలో ఉన్న అసలు హాస్టలుకు వెళ్ళి ఒక్క పూట అరువు అడిగాడు. ఆ హాస్టలావిడ చీపురు తీసింది. ఇక మిగిలింది తన ఇల్లే. బోర్డులు రాసే నతానియేలును పిలిపించాడు.

"పేరు ఏం రాయమంటావు?" అన్నాడు నతానియేలు, రంగు డబ్బా మూత తీస్తూ.

పేరు గురించి యలమందయ్య ఆలోచించలేదు. కంగారులో నోటికొచ్చిన పేరు చెప్పాడు. బోర్డు మీద 'శ్రీరమ్య లేడీస్ హాస్టల్' అని పడింది.

"ఫోన్ నెంబరు?"

"నెంబరెందుకు? ఒక్క పూటకే గదా."

"నెంబరు లేకుండా నేను రాసేవి సమాధి రాళ్ళేనయ్యా. చూసినోడు నమ్మాలా వద్దా?"

యలమందయ్య తల ఊపాడు. కోటేశ్వరి నెంబరు ఎర్ర రంగులో, ఆ చివర నుంచి ఈ చివరకు పడింది.

తండ్రిగా లోను కాగితాల మీద సంతకం పెట్టింది యలమందయ్య కాబట్టి, అతను హాస్టలు ఓనరు కాలేడు. అందుకని కోటేశ్వరిని ఓనరును చేశారు. మా ఆవిడ కళ్ళజోడు ఆమెకు పెట్టారు, నడుముకు తాళాల గుత్తి దోపారు. మొగుడూ పెళ్ళామూ ఒకరినొకరు ఎరగనట్టు ఉండాలని ఒప్పందం. నేను గోడ ఇవతల కుర్చీ వేసుకున్నాను. ఇలాంటివి రోజూ దొరకవు.

శశిభూషణ్ బండి దిగి, హెల్మెట్టు తీసి, బోర్డు చదివాడు. మళ్ళీ చదివాడు.

"శ్రీరమ్య, శ్రీరమ్య హాస్టల్లో ఉంటోందా?"

"అవునండి."

"పేరు కూడా కలిసిందే."

"పేరు చూసే చేర్పించామండి," అన్నాడు యలమందయ్య.

లోపల అరువు తెచ్చిన నవారు మంచాలు వరసగా వేసి ఉన్నాయి. పిల్లలేరని అడిగితే కాలేజీకి వెళ్ళారన్నారు. అంతవరకు బాగానే ఉంది. కానీ కోటేశ్వరికి ఇన్నేళ్ళ అలవాటు ఒక్క పూటలో పోతుందా?

"ఏమయ్యా, గుడ్లప్పగించి చూస్తావేంది, ఆ కుర్చీ ఇటు లాగు," అంది మొగుడితో.

యలమందయ్య కుర్చీ లాగాడు. శశిభూషణ్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"పేరెంట్సుతో ఇలా మాట్లాడతారేమిటమ్మా?"

"బాకీ ఉన్నోళ్ళతో ఇట్టాగే మాట్లాడతాం," అంది కోటేశ్వరి, కళ్ళజోడు ముక్కు మీదికి తోసుకుంటూ.

"బాకీ ఉందా? మొత్తం కట్టేశామని ఈయన చెప్పారే."

యలమందయ్య తువ్వాలు తీశాడు. "హాస్టలు బాకీ లేదండి. అది వేరే బాకీ," అన్నాడు.

"ఏం బాకీ?"

"కోక బాకీ," అంది కోటేశ్వరి. మూడేళ్ళ కిందట ఒక పట్టుచీర కొంటానని మాట ఇచ్చాడు లెండి. ఆ సంగతి ఆ ఆఫీసరుకు ఎలా తెలుస్తుంది? హాస్టలు ఓనరుకు చీర బాకీ పడ్డ పేరెంటును అతను తన సర్వీసులో చూసి ఉండడు. నోరు తెరిచి ఏదో అడగబోయాడు.

అదే క్షణంలో గేటు ముందు ఆటో ఆగింది. అందులోంచి సర్దార్‌బీ అనే ఆమె దిగింది. సత్తెనపల్లి బస్టాండు దగ్గర గాజుల కొట్టు ఆమెది. వెనకే ఆమె కూతురు షకీనా, పెట్టె, బకెట్టు దిగాయి.

"అమ్మా, బెడ్డు ఉందా? పిల్లకి నర్సింగులో సీటొచ్చింది. పొద్దుట్నుంచి తిరుగుతన్నాం, ఎక్కడా ఖాళీ లేదంటన్నారు. బోర్డు చూసి ఆగాం."

కోటేశ్వరి మొగుడి వైపు చూసింది. మొగుడు గోడ మీదుగా నా వైపు చూశాడు. నేను కరెంటు తీగ మీద కాకి వైపు చూశాను. శశిభూషణ్ అందరి వైపూ చూశాడు. లేదంటే ఇది హాస్టలు కాదని తేలిపోతుంది. ఉందంటే ఏమవుతుందో ఎవరికీ తెలియదు.

"ఉంది, రా తల్లీ," అంది కోటేశ్వరి.

శశిభూషణ్ ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. అతని బండి వీధి మలుపు తిరగ్గానే బోర్డు దింపేయాలని ఏర్పాటు. కానీ అప్పటికే షకీనా బట్టలు తాడు మీద ఆరేస్తోంది. సర్దార్‌బీ కోటేశ్వరి పెట్టిన అన్నం తిని, గోంగూర మరో ముద్ద వేయించుకుని, అడ్వాన్సు ఆమె చేతిలో కుక్కింది. ఎంత వద్దన్నా వినలేదు. పోతూ పోతూ యలమందయ్యను పైకీ కిందికీ చూసింది.

"ఆడపిల్లలుండే చోట తువ్వాలేసుకుని తిరుగుతన్నాడు, ఎవరీయన?"

ఇందాక ఆఫీసరు ముందు పేరెంటు అన్నారు. ఇప్పుడు మొగుడంటే కొంప మునుగుతుందో, తేలుతుందో కోటేశ్వరికి తెలియలేదు. "వాచ్‌మన్" అంది.

"అయితే గేటు బయట ఉండాలి గదా," అంది సర్దార్‌బీ.

అంతే. ఆ క్షణం నుంచి యలమందయ్య తన ఇంటి గేటు బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు.

సర్దార్‌బీ గాజులమ్మే మనిషి. ఆమెకు తెలిసిన సంగతి సాయంత్రానికల్లా సత్తెనపల్లి మొత్తానికి తెలుస్తుంది. కొత్త హాస్టలు, ఇంటి వంట, అమ్మలాంటి ఓనరు, గేటుకి మగ వాచ్‌మన్. ఆ వారంలోనే ఆటోలు వరస కట్టాయి. బోర్డు మీద నెంబరుకు ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. కోటేశ్వరికి జీవితంలో ఎవరినీ గుమ్మంలోంచి వెనక్కి పంపడం రాదు. ఇన్నాళ్ళకు గుమ్మం దొరికిందేమో, అసలే రాదు. ఒక్కో పిల్ల వచ్చినప్పుడల్లా యలమందయ్య గేటు దగ్గర ట్రంకు పెట్టె అందుకుని, లోపలికి వెళ్ళబోయి, ఆగి, దాన్ని గడప మీద పెట్టి వెనక్కి వచ్చేవాడు.

"నేను ఇల్లు కొన్నానా, ఉద్యోగంలో చేరానా పెద్దాయనా?" అని నన్ను అడిగాడు ఒకరోజు.

"జీతం ఇస్తున్నారా?" అన్నాను.

"అన్నం పెడతన్నారు. గేటు మీంచి."

"అయితే ఉద్యోగమే."

తల ఊపాడు. మొహం తుడుచుకున్నాడు.

ఈ సందట్లో శ్రీరమ్య గదికి మొదట షకీనా వచ్చింది. తర్వాత ఇంకో ఇద్దరు వచ్చారు. అద్దంకి నుంచి వచ్చిన ఒక పిల్ల, అమ్మను వదిలి ఎప్పుడూ ఉండలేదని మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే, కోటేశ్వరి ఆ పిల్లను తీసుకెళ్ళి శ్రీరమ్య మంచం మీద పడుకోబెట్టింది.

"అమ్మా, అది నా మంచం."

"నువ్వు ఇంటి పిల్లవి. సర్దుకో."

"ఇల్లు ఎక్కడుందమ్మా సర్దుకోడానికి?"

శ్రీరమ్య పుస్తకాలు తీసుకుని మా ఇంటికి వచ్చేసింది. మా ఆవిడకు ఆడపిల్లలంటే ప్రాణం. పెరటి వైపు గది ఇచ్చింది. ఆ పిల్ల అక్కడే చదువుకునేది, అక్కడే పడుకునేది, తిండికి మాత్రం అందరితో పాటు వరసలో నిలబడి ప్లేటు పట్టుకునేది.

మొదటిసారి పిల్లలెవరూ కనిపించలేదు కాబట్టి శశిభూషణ్ రెండోసారి చెప్పకుండా వచ్చాడు. అది సాయంత్రం వేళ. వరండా నిండా పిల్లలు. ఒకతి జడ వేయించుకుంటోంది, ఒకతి కారప్పొడి వేసుకుని మరమరాలు కలుపుతోంది. అతని మొహం వెలిగింది. ఈసారి హాస్టలు హాస్టలులాగే ఉంది.

"శ్రీరమ్యను పిలవండమ్మా."

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్ళంతా కొత్తవాళ్ళు. తినడానికి పక్కింటి నుంచి వచ్చే పిల్లను వాళ్ళు అక్కా అనే పిలుస్తారు, పేరు అడిగింది లేదు, కొన్నాళ్ళు ఒకే గదిలో ఉన్న షకీనా కూడా.

"శ్రీరమ్య హాస్టలు పేరు కదండీ," అంది మరమరాల పిల్ల.

గేటు దగ్గరున్న యలమందయ్య కుర్చీలోంచి లేచాడు. అలాంటప్పుడు మనిషి చేసేది ఆలోచించి చేసేది కాదు, అలవాటు కొద్దీ చేసేది. రోడ్డు పక్కన పచ్చగా ఉన్న చేను చూపించే చెయ్యి పైకి లేచింది. దగ్గరగా ఉన్న షకీనాను చూపించింది.

"ఇదుగోనండీ మా పిల్ల."

"నా పేరు షకీనా అంకుల్. మీరు వాచ్‌మన్ గదా," అంది ఆ పిల్ల.

శశిభూషణ్ యలమందయ్యను చూశాడు. "మీరు పేరెంటు కదూ?"

"పగలు పేరెంటునండీ," అన్నాడు యలమందయ్య. ఆ మాట ఎందుకన్నాడో అతనికే తెలియదు.

ఇదంతా మా వరండాలోంచి చూస్తున్న శ్రీరమ్య చెప్పులు వేసుకుని వెళ్ళింది. వాళ్ళ నాన్న పక్కన నిలబడింది.

"నేనండీ శ్రీరమ్యను."

"నువ్వు ఆ ఇంట్లోంచి వస్తున్నావేమ్మా?"

"ఈ ఇంట్లో నాకు మంచం లేదండి."

శశిభూషణ్ బండి సీటు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. నాకు ఆ కుర్రాడి మీద జాలేసింది.

"చూడండి," అన్నాడు. "హాస్టలు లేకుండా ఫీజు కట్టామనేవాళ్ళను చూశాను. మీకు హాస్టలు ఉంది, ఫీజు కట్టారు, పిల్ల ఉంది. కానీ హాస్టల్లో పిల్ల లేదు. నేనేం రాయాలి? వచ్చే నెల మొదట్లో ఒక్కసారి వస్తాను. ఆ అమ్మాయి ఈ గోడల మధ్య కనిపించాలి. లేకపోతే సొమ్ము ఆపమని రాయక తప్పదు."

ఆ రోజు పిల్లల భోజనాలయ్యాక గేటు దగ్గర ముగ్గురూ చేరారు. యలమందయ్య గేటు బయట, తల్లీకూతుళ్ళు లోపల. మధ్యలో ఇనప ఊచలు. నేను మా అరుగు మీదే ఉన్నాను. పిలవలేదు, పొమ్మనీ అనలేదు.

"ఎవరో ఒక పిల్లని పంపించెయ్యి," అన్నాడు యలమందయ్య.

"ఎవర్ని? నువ్వే చూపించు."

"ఆ అద్దంకి పిల్లని."

"పోయి నువ్వే చెప్పు దానికి. లేచి పొమ్మను."

యలమందయ్య లేవలేదు. ఎలాగూ గేటు దాటకూడదు కదా.

"పోనీ ఆ మరమరాల పిల్ల..."

"వాళ్ళ నాన్న పొగాకు ఆరబెట్టే బారన్లో పని చేసి కట్టాడు ఏడాది ఫీజు. మనం తీసుకున్నాం. తిన్నాం కూడా. ఇప్పుడు నడి ఏడాదిలో ఏ హాస్టలు చేర్చుకుంటది?"

"ఇల్లు అమ్మేయండి నాన్నా," అంది శ్రీరమ్య. "నా పేరు మీద తెచ్చిన డబ్బు నా పేరు మీద కట్టేయండి. నాకు క్లాసులో కూర్చోవాలని ఉంది, అంతే. ఏ మంచం మీద పడుకున్నా ఒకటే."

యలమందయ్య ఊచల మధ్య నుంచి భార్యను చూశాడు. కోటేశ్వరి గుమ్మాన్ని చూసింది. మేడ మీద ఎవరో పిల్ల పాఠం పైకి చదువుకుంటోంది. ఎముకల పేర్లనుకుంటాను.

కోటేశ్వరి లోపలికి వెళ్ళింది. వంటింటి పక్క సామాన్ల కొట్టులో ఆమె పడుకునే మంచం ఒకటుంది. ఆ ఇంట్లో ఆమెకంటూ మిగిలింది అదొక్కటే. దాని మీది తన దుప్పటి తీసి, చాప చుట్టి వంటింట్లోకి చేర్చింది. మిరపకాయల డబ్బాలు, బియ్యం బస్తాలు ఒక పక్కకు జరిపింది. బల్బు మార్చింది. తర్వాత మా ఇంటికి వచ్చి శ్రీరమ్య పుస్తకాలన్నీ ఒళ్ళో పోసుకుని తీసుకెళ్ళింది.

"నువ్వెక్కడ పడుకుంటావే?" అన్నాడు యలమందయ్య గేటు బయట నుంచి.

"పొయ్యి పక్కన. పెళ్ళైన కాణ్ణుంచి అక్కడేగా. కాకపోతే ఈ పొయ్యి నాది."

"మరి నేను?"

"కాయ కోతకొచ్చింది గదా. చేలో పనుండదూ నీకు?"

మర్నాడు పొద్దున్నే యలమందయ్య సత్తెనపల్లి బస్సెక్కాడు. తాను కొన్న ఇల్లు వదిలి, ఏడాది కిందట వదిలి వచ్చిన ఉమ్మడి ఇంట్లోని అదే గదికి వెళ్ళాడు. గేటు దగ్గర కుర్చీలో నన్ను కూర్చోమన్నాడు. జీతం సంగతి తేల్చలేదు.

మూడోసారి శశిభూషణ్ వచ్చేసరికి యలమందయ్య పొలం నుంచి వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. ఒంటి నిండా మిర్చి ఘాటు. శశిభూషణ్ లోపలికి వెళ్తూ మూడు సార్లు తుమ్మాడు. సామాన్ల కొట్టులో బస్తాల మధ్య శ్రీరమ్య చదువుకుంటూ కనిపించింది. ఆ గదిలో హాస్టలు గదికి ఉండాల్సిన కష్టాలన్నీ ఉన్నాయి కాబట్టి అతనికి నమ్మకం కుదిరింది. కాగితం మీద రాసుకుని, రశీదుల కోసం ఓనరు పేరు ఏమిటమ్మా అని అడిగాడు.

"కోటేశ్వరి."

గేటు దగ్గరికి వచ్చి ఆగాడు. "యలమందయ్య గారూ, లోను కాగితాల్లో మీ భార్య పేరు కోటేశ్వరి అని ఉంది."

"అవునండి."

"హాస్టలు ఓనరు పేరూ కోటేశ్వరే."

"కోటప్పకొండ కింద ఊళ్ళండీ మావి," అన్నాడు యలమందయ్య. "ఇంటికి ఇద్దరు కోటేశ్వరులుంటారు."

శశిభూషణ్ హెల్మెట్టు పెట్టుకున్నాడు. అతను నమ్మాడో, నమ్మినట్టు ఉండటమే మంచిదనుకున్నాడో నాకు ఈనాటికీ తెలియదు.

"మా అమ్మ పేరూ కోటేశ్వరేనండీ," అని బండి ఎక్కాడు.

రెండో ఏడాది సొమ్ము వచ్చింది. శ్రీరమ్య క్లాసులో కూర్చుంది. మూడో ఏడు, నాలుగో ఏడు సొమ్ములు ఇంకా రావాలి.

ఇదంతా రాసి నిన్న యలమందయ్యకు చదివి వినిపించాను. టిక్కీలు మిర్చి యార్డులో దించి, పిల్లను చూసుకోవడానికి వచ్చి గేటు బయట నిలబడి ఉన్నాడు. మొదటి నుంచి చివరి దాకా విన్నాడు. ఒక్కసారి కూడా తల ఊపలేదు. మొహం తుడుచుకోలేదు.

"అబద్ధం," అన్నాడు.

"ఏది అబద్ధం?"

"అంతా. నాకు గుంటూర్లో ఇల్లు లేదు. లోను సొమ్ము పైసా తేడా లేకుండా హాస్టలుకే కట్టా. ఓనరమ్మ ఎవరో నాకు తెలవదు. మిమ్మల్ని కూడా చూడటం ఇదే మొదటిసారండీ."